తడి రంగు

ఆరేళ్లుగా ఒక చిన్న మాట నా దగ్గర ఉండిపోయింది. రెండు ముక్కల మాట. అన్నది నేను. విన్నది ఒకే ఒక మనిషి. ఆ తర్వాత దాని గురించి నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో తెలియదు. అడగలేదు కాబట్టి వంట చేశాను, ఆకు కోశాను, పిల్లలకు జడలు వేసి బడికి పంపాను, పెళ్లిళ్లకు పోయి బంతిలో కూర్చుని కడుపు నిండా తిన్నాను. బరువు అని రాయబోయి ఆగాను. బరువైతే ఎక్కడో ఒకచోట దించాలనిపిస్తుంది. ఇది అలా లేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుని లేస్తే కాసేపు ఆ చెయ్యి మనది కాదనిపిస్తుంది చూడండి, అలా ఉంది. ఆ తిమ్మిరి ఆరేళ్లుగా వదల్లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. రొద్దం దగ్గర పెన్న ఒడ్డున ఉన్న ఒక పల్లె అనుకోండి, చాలు. దాక్కుంటున్నానని మీకనిపిస్తే, అవును, దాక్కుంటున్నాను.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గం ఉన్న ఇంట్లో. మా నాయన పట్టుకు రంగు దగ్గరుండి వేయించుకునేవాడు. ఎవరి చేతికీ వదిలేవాడు కాదు. రంగు తొట్టిలోంచి తీసిన పట్టునూలు చిలపలను కర్రకు వేలాడేసి, నన్ను పిలిచి, ఏం రంగో చెప్పమనేవాడు. నేను కంటికి కనిపించింది చెబితే నవ్వేవాడు. "అది తడి రంగు పాపా. ఆరినాక ఒక మెట్టు దిగుతాది. దిగినాక ఏముంటాదో అది చెప్పు" అనేవాడు. పదో తరగతికి వచ్చేసరికి నేను తడి పట్టును చూసి ఆరిన రంగు చెప్పగలిగేదాన్ని. మా వీధిలో నన్ను కొంచెం గొప్పగా చూసేవాళ్లు. ఆ గొప్ప నాకు ఇష్టంగానే ఉండేది.

పెళ్లయి పెన్న ఒడ్డుకు వచ్చాను. మా అత్తగారి చేను ఏటి గట్టునే. అప్పట్లో అందులో వేరుశనగ వేసేవాళ్లు. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఎరువు అంటే గొర్రెల మందను తెచ్చి చేలో ఆపడమే. పంట లేని ఏడు మా ఆయన బెంగళూరుకు ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయేవాడు. పంట ఉన్న ఏడు కూడా పోయేవాడు, కాస్త ఆలస్యంగా. పెళ్లయిన కొత్తలో ఆయన ముఖం కంటే ఆయన ఫోను గొంతే నాకు ఎక్కువ తెలుసు. పెద్ద పిల్ల పుట్టినప్పుడు ఆయన వచ్చి రెండు రోజులుండి పోయాడు. అది తండ్రిని గుర్తుపట్టడానికి ఏడాది పట్టింది.

తర్వాత బోరు పడింది. డ్రిప్పు వచ్చింది. వేరుశనగ తీసేసి మల్బరీ పెట్టాం. ఏటి ఒడ్డున మొదటి మల్బరీ తోట మాదే. చేను పక్కనే పట్టుపురుగుల షెడ్డు వేసుకున్నాం. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయేవాళ్లం. నేను మేపిన పురుగు కట్టిన గూడు ఎక్కడో దారమై మా నాయన మగ్గం మీదికి పోతుందేమో అనుకునేదాన్ని. పోయేదో లేదో తెలియదు గానీ అనుకుంటే బాగుండేది. అన్నిటికంటే ముఖ్యం, మా ఆయన బెంగళూరు మానేశాడు. పొద్దున లేచి చూస్తే మనిషి ఇంట్లో ఉండేవాడు. మీకు ఇది చిన్న విషయంగా ఉంటుందేమో. నాకు కాదు.

మల్బరీకి ఆకే పంట. ఆకు దట్టంగా రావాలంటే కింద ఎరువు పెట్టాలి. పెట్టాం. ప్రతి కోత తర్వాత కోళ్ల ఫారాల నుంచి లారీల్లో ఎరువు, దాని మీద యూరియా, దాని మీద నీళ్లు. ఎక్కువ పెడితే ఎక్కువ వస్తుందనే లెక్క తప్ప ఇంకో లెక్క ఎవరూ చెప్పలేదు. మమ్మల్ని చూసి పక్క చేను వాళ్లు పెట్టారు. వాళ్లను చూసి అవతలి గట్టు వాళ్లు. కొందరు టమాటా. లేపాక్షి నుంచి వచ్చిన మా చుట్టాలు ఏటి గట్టును చూసి, ఇది రొద్దమా కోనసీమా అని ఎగతాళి చేసేవాళ్లు. మేం నవ్వేవాళ్లం, గర్వంగానే.

అదే కాలంలో పెనుకొండ దగ్గర హైవే పొడుగునా ఫ్యాక్టరీలు వచ్చాయి, ప్లాట్లు పడ్డాయి, ఇళ్లు లేచాయి. చుట్టూ ఇంత కడుతుంటే మా ఏట్లోని ఇసుక కూడా ట్రాక్టర్లెక్కి పోయింది. నేను కొత్తగా వచ్చినప్పుడు ఎండిన ఏట్లో మోకాటి లోతు ఇసుక తోడితే చెలమలో నీళ్లు ఊరేవి. ఆ ఇసుకే వాటిని వడకట్టేది. తర్వాత తర్వాత ఒక మనిషి గుంటలోకి దిగి బిందె పైకి అందించాల్సి వచ్చింది. గట్టు మీద ఎరువు పెరిగింది, ఏట్లో ఇసుక తరిగింది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మా ఊళ్లో ఎవరూ ఆలోచించలేదు. నేను ఆలోచించాను. నాకు ఒకరు చెప్పారు కాబట్టి.

చెప్పింది ఒక ఇంజనీరమ్మ. నీళ్లు పరీక్ష చేయడానికి ఊరికి ఒక ఆడమనిషిని తీసుకుంటామంటే మా ఊరి నుంచి నన్ను పంపారు. ఇంటరు చదివింది, రంగులు బాగా గుర్తుపడుతుంది అన్నారు. ఆ పరీక్షంతా రంగుల మీదే. గాజు గొట్టంలో నీళ్లు పోయాలి, పొడి కలపాలి, కాసేపు ఆగాలి, వచ్చిన రంగును అట్ట మీది గడులతో పోల్చి పుస్తకంలో గడి నంబరు రాయాలి. పెనుకొండలో శిక్షణ. ఇంజనీరమ్మ వయసులో నాకంటే చిన్నది. నైట్రేటు అనే మాట బోర్డు మీద రాసి, ఎరువుల నుంచి, పెంట నుంచి నీళ్లలోకి దిగుతుందని చెప్పింది. దానికి రంగుండదు, వాసనుండదు, రుచుండదు. కాచినా పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు ఆ నీళ్లలో డబ్బాపాలు కలిపి పడితే బిడ్డ రక్తం బెల్లం రంగుకు తిరుగుతుంది, ఊపిరిని మోయలేదు, ఒళ్లు నీలమవుతుంది. ఇదంతా నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. కాచినా పోదు అన్నచోట కింద గీత కూడా గీశాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఇంట్లో ఉంది. తెలియక చేశానని ఎవరైనా నా తరఫున అనబోతారేమో, అందుకే ఇది చెబుతున్నాను.

శివరాత్రి అయిన వారానికి మా తోట కింద ఉన్న చెలమ నీళ్లు తెచ్చి పరీక్ష చేశాను. ఊరంతా వాడే చెలమ అది. మా ఊళ్లో కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి, పప్పు ఉడకదు. తాగడానికి ఏటి నీళ్లే. బాలింతకూ పసిబిడ్డకూ అయితే మరీ. కాన్పయిన ఇంటికి నలభై రోజులు ఏటి నీళ్లు తప్ప వేరే నీళ్లు రానివ్వరు. కుళాయి నీళ్లు పడితే బిడ్డకు పడిశం పడుతుందంటారు. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు. ఇసుక నిండుగా ఉన్నప్పుడు, గట్టు మీద వేరుశనగ ఉన్నప్పుడు, అది మంచి పద్ధతే అయి ఉంటుంది.

మా వాకిట్లో కూర్చుని, తెల్ల కాగితం వెనక పెట్టుకుని గొట్టం చూశాను. అట్ట మీద నాలుగు గడులు. మొదటిది తెలుపు. రెండోది ఉల్లిపొట్టు రంగు. మూడోది గులాబి. నాలుగోది రాణి రంగు. గడులకు ఈ పేర్లు నేనే పెట్టుకున్నాను, చీరల పేర్లు. రెండో గడి దాకా తాగొచ్చు. మూడోది వస్తే తాగకూడదు. ఆ నీళ్ల దగ్గర ఎర్ర గుర్తు వేస్తారు, పైనుంచి మనుషులు వచ్చి ఎక్కడి నుంచి దిగుతోందని చూస్తారు. గొట్టంలో గులాబి వచ్చింది. ఇంకో గొట్టం కడిగి మళ్లీ చేశాను. మళ్లీ గులాబే. గులాబికీ ఉల్లిపొట్టుకూ తేడా తెలియని మనిషిని కాదు నేను.

మా ఆయన ఆ పూట షెడ్డులో పురుగులకు ఆకు వేస్తున్నాడు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. నన్నేమీ అడగలేదు. ఇది గుర్తుంచుకోండి, ఆయన అడగలేదు, ఇప్పటికీ ఆయనకు తెలియదు. నాకు నేనే అనుకున్నాను. వచ్చినవాళ్లు చెలమ దగ్గర నిలబడి తల ఎత్తితే కనపడేది మా తోటే. ఊరి తాగునీళ్లు పాడుచేసింది వీళ్లే అంటారు. ఎరువు ఆపమంటారు. ఆకు పలచబడుతుంది. తోట పోతుంది. ఆయన బ్యాగు సర్దుకుంటాడు. ఇంత దూరం నా బుర్ర ఎంత తొందరగా పరుగెత్తిందో. అంతే తొందరగా ఇంకోవైపు పరుగెత్తి, ఆ నీళ్లు తాగే పిల్లల దాకా ఎందుకు పోలేదు?

అప్పుడు నాయన మాట గుర్తొచ్చింది. ఇది తడి రంగు అనుకున్నాను. తడి రంగు ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువ చూపిస్తుంది. ఆరితే దిగుతుంది. దిగితే ఉల్లిపొట్టు. అంటే రెండో గడి. గొట్టంలో నీళ్లు ఎప్పుడు ఆరుతాయి అని నన్ను నేను అడగలేదు. నీళ్లకు ఆరడం ఏమిటి? చంటిపిల్లకు చెబితే నవ్వుతుంది. అయినా ఆ నిమిషంలో నాకది న్యాయంగానే తోచింది. నిజంగా తోచిందా, తోచినట్టు చేసుకున్నానా? ఆరేళ్లుగా ఇక్కడే తిరుగుతున్నాను. తేల్చుకోలేకపోయాను. పుస్తకంలో రెండు అని గుండ్రంగా రాశాను. గొట్టం కడిగి బోర్లించాను.

నాలుగు రోజులకు నాగవేణి వచ్చింది.

నాగవేణిది మా ఇంటికి మూడిళ్లవతల. వాళ్లు గొర్రెలు కాచే వాళ్లు. పుట్టిల్లు రామగిరి వైపు. తల్లి లేదు, అందుకే తొలి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. మగబిడ్డ. ఇంకా పేరు పెట్టలేదు. భుజాన బిడ్డను వేసుకుని మా ప్రహరీ బయట నిలబడింది, బాలింత కదా, లోపలికి రాలేదు. నేను చేటలో రాగులు చెరుగుతున్నాను.

"అక్కా, ఏటి నీళ్లు నువ్వు పరీక్ష చేసినావంట గదా. బాగుండాయా?" అంది.

"ఎందుకడుగుతాండావు?"

"నాకు పాలు సాలడం లేదక్కా. ఎల్లుల్లి తినిపిచ్చినారు, సబ్బసిగాకు పెట్టినారు, ఏం పెట్టినా అంతే. బిడ్డకు డబ్బాపాలు తెచ్చినాం. మా ఆయన హిందూపురం నుంచి క్యాను నీళ్లు తెస్తానంటాడు. అత్తేమో వద్దు, ఏటి నీళ్లతోనే కలపల్ల అంటాది. నువ్వు సదువుకున్నదానివి. నువ్వేం చెప్తే అది చేస్తా."

నేను చెరగడం ఆపలేదు. ఆపితే ముఖం ఎత్తాల్సి వస్తుంది.

"నీళ్లు కాంచి పట్టు" అన్నాను.

"కాంచితే ఏం గాదు గదా?"

"ఏం గాదు."

బిడ్డ తలను ఒకసారి సర్దుకుని వెళ్లిపోయింది. మనసు కుదుటపడిన మనిషి నడక అది.

ఆ రెండు ముక్కలు ఎందుకన్నానని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. నిజం చెప్పే ధైర్యం లేకపోతే లేదు, పోనీ. అబద్ధమైనా చెప్పొచ్చు కదా? డబ్బాపాలకు క్యాను నీళ్లే మంచివి అనొచ్చు. చెలమలో కప్ప పడింది అనొచ్చు. నాకు తెలియదు, డాక్టరును అడుగు అనొచ్చు. ఏది అన్నా నా తోటకు ఏమీ అయ్యేది కాదు, నా పుస్తకంలో రెండు రెండుగానే ఉండేది, ఆ బిడ్డకు క్యాను నీళ్లు దొరికేవి. ఇంత తేలిక దారి ఉండి ఎందుకు తొక్కలేదు? నాకు తోచే జవాబు ఒకటే. రెండు అని రాశాక, ఆ నీళ్లు రెండో గడి నీళ్లే కావాలని నాకుంది. క్యాను నీళ్లు తెచ్చుకో అంటే నేను రాసింది అబద్ధమని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే. ఎవరి ముందూ కాదు, నా ముందే. ఆ మాత్రం ఒప్పుకోలేక ఒక పసిబిడ్డ పాలలోకి ఆ నీళ్లు పంపాను.

ఒక్కసారి చేసిన పని కూడా కాదిది. నాగవేణి అత్త హనుమక్క రోజూ పొద్దున మా ఇంటి ముందు నుంచే చెలమ నీళ్ల బిందె తీసుకుపోయేది. మనవడికి, అని చెప్పేది నన్ను చూసి. నేను తల ఊపేదాన్ని. దాదాపు రెండు వారాలు. రోజుకొక అవకాశం నా గడప ముందు నుంచి నడిచిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం వాళ్లింటి దగ్గర కేకలు వినిపించాయి. పోయి చూసేసరికి ఆటో ఎక్కుతున్నారు. బిడ్డ పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టు అయినాయని హనుమక్క ఏడుస్తోంది. గోళ్లు కూడా. హిందూపురం తీసుకుపోయారు. గుండెలో ఏదో లోపం ఉండొచ్చని, పెద్దాసుపత్రికి పొమ్మని అక్కడ చెప్పారట. బెంగళూరు చేరారు. మరుసటి రోజు తెచ్చేశారు. తీసుకుపోయిన తువ్వాలులోనే తెచ్చారు.

మూడో రోజు నాగవేణి మొగుడు మా ఆయనతో మాట్లాడుతుంటే విన్నాను. సూదితో తీసిన రక్తం ఎర్రగా లేదంట అన్నా, బెల్లం పాకం రంగులో ఉండెనంట, అన్నాడు. మా ఆయనకు అర్థం కాలేదు. అయ్యో అన్నాడు. నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. అన్నం వార్చాలి. వార్చాను.

నీళ్ల వల్లనే అని నేను ప్రమాణం చేయలేను. గుండె జబ్బుతో పుట్టిన బిడ్డలకు కూడా ఒళ్లు నీలమవుతుందట. ఫోనులో చాలా చదివాను. ఒక్కోరోజు గుండెకే ఓటు వేసి హాయిగా ఉండేదాన్ని. ఇంకోరోజు పాకం రంగు గుర్తొచ్చేది. నీళ్లు ఎవరూ పరీక్షకు పంపలేదు, ఎందుకంటే నీళ్లు బాగున్నాయని పుస్తకంలో ఉంది. ఆ సందేహాన్ని తీర్చే దారి కూడా మూసేసింది నా చెయ్యే.

నీళ్లను ఎవరూ అనలేదు. మరి ఎవరినో ఒకరిని అనాలి కదా. నాగవేణిని అన్నారు. తల్లికి పాలుంటే బిడ్డ దక్కేవాడన్నారు. పాలు లేని మనిషి అన్నారు. మొదట హనుమక్క అంది, తర్వాత వీధి అంది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు చూడండి, అందుకే అంత గట్టిగా పట్టుకుంది. పాలుండి ఉంటే డబ్బా వచ్చేది కాదు, డబ్బా లేకపోతే నీళ్లు వచ్చేవి కావు. ఒకనాడు మా అరుగు మీద నలుగురు ఆడవాళ్లు ఆ మాట అనుకుంటుంటే నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను. కాదని నేనొక్కదాన్నే చెప్పగలను. పాపం, అన్నాను. నేనన్నది అదే.

ఆ ఏడు దసరా లోపలే ఆమెను రామగిరిలో అన్న ఇంటికి పంపేశారు. ఏడాది తిరక్కుండా ఆమె మొగుడికి ఇంకో పెళ్లి చేశారు. ఆ పెళ్లిలో పప్పు చాలా బాగుందని మా ఆయన రెండు రోజులు చెప్పాడు.

నేనేం చేశానంటారా. బిడ్డ పోయిన వారానికి, చెలమలో కుక్క చచ్చి తేలిందని చెప్పాను. నేనే చూశానని, నేనే తీయించానని. ఒక్క పూటలో ఊరంతా ఆ చెలమ వదిలేసింది. అప్పటి నుంచి తాగడానికి క్యాను నీళ్లే. నా అబద్ధం వల్ల మిగతా పిల్లలు బాగున్నారని చెప్పుకోవడానికి నాకు ఒకటి దొరికింది. కానీ ఆ అబద్ధం నోటికి ఎంత సులువుగా వచ్చింది, ఎంత బాగా పనిచేసింది. మూడు వారాల ముందు వచ్చి ఉంటే సరిపోయేది.

తోటకు కోళ్ల ఎరువు తగ్గిద్దామని మా ఆయనతో అన్నాను. ఎందుకన్నాడు. చెప్పలేదు. తగ్గించలేదు. మరుసటి ఏడు పెనుకొండలో మీటింగు పెట్టి, ఎర్ర గుర్తు ఒక్కటీ లేని ఊళ్ల ఆడవాళ్లకు శాలువాలు కప్పారు. నాకూ కప్పారు. చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గు వేసిందని రాయాలని ఉంది. నిజానికి ఏమీ వేయలేదు. శాలువా గుచ్చుకుంటోందని మాత్రం గుర్తుంది. ఆ తర్వాత నెలకే ఆ పని మానేశాను, ఇంట్లో తీరడం లేదని చెప్పి. పరీక్ష పెట్టె, నంబర్లు రాసే పుస్తకం తిరిగి ఇచ్చేశాను. రెండు అంకె అందులోనే ఉండిపోయింది.

ఇన్నేళ్లూ ఇలాగే గడిచేది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ధర్మవరంలో నాగవేణి కనపడింది.

నాయనకు ఒంట్లో బాగాలేదంటే చూడటానికి పోయాను. మా వీధికి రెండు సందుల అవతల ఒక ఇంట్లో పట్టు చుట్టే పనికి వస్తోంది. నేను గుర్తుపట్టలేదు. ఆమే పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. చిక్కిపోయింది. పిల్లలు ఏం చదువుతున్నారని అడిగింది. మీ తోట బాగుండాదా అని అడిగింది. ఊళ్లో అందరి పేర్లూ అడిగింది, హనుమక్క పేరు కూడా. ఒక్కరి మీదా కోపం లేదు. అది నాకు ఇంకా కష్టమైంది.

తర్వాత చెయ్యి వదలకుండానే, కిందికి చూస్తూ అంది.

"వాడుంటే ఈ ఏడు ఒకటో తరగతి అక్కా. నాకు పాలు పడింటే ఉండేటోడు. అందరూ అన్న్యాయంగా అన్నారని నేననుకోను. కానీ ఒకటి. నువ్వు చెప్పినట్టే చేసినా. ఒక్క పూట గూడా పచ్చినీళ్లు పట్టలే. రోజూ కాంచినా, శానాసేపు కాంచినా, ఇంకా మంచిదని. నేను అశ్రద్ధ చేసినానని మా వదిన గూడా అంటాది. నువ్వన్నా నమ్ముతావు గదా?"

శానాసేపు కాంచినా, అంది. నీళ్లు సగమయ్యేదాకా పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కనపడింది నాకు. నేను గీత గీసిన మాట కనపడింది. నోరు తెరిచాను. తెరిచానని నాకు గట్టిగా తెలుసు, ఎందుకంటే నోట్లోకి గాలి పోయింది.

"నమ్ముతాండా" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. ఇంటికొచ్చి కాఫీ తాగి పొమ్మంది. బస్సుకు పొద్దుపోతుందని వచ్చేశాను. అప్పటికి ఇంకా మిట్టమధ్యాహ్నమే.

ఆమె ఈ ప్రపంచంలో ఒక్క సాక్షిని ఎంచుకుంది. ఎంచుకుంది నన్ను. ఇన్నాళ్లూ నేను దాచింది నా తప్పు అనుకున్నాను. కాదు. ఆమె చేసిన మంచిని కూడా నేనే దాచిపెట్టాను. ఆ తల్లి అశ్రద్ధ చేయలేదని, చెప్పిన దానికంటే ఎక్కువే చేసిందని, ఆ ఎక్కువ చేయడమే బిడ్డకు మరింత చెరుపయిందేమోనని, ఇవన్నీ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇది ఆమెకు చెప్పడం మేలో కీడో కూడా నాకు తెలియడం లేదు. చెబితే పాల దిగులు పోతుంది, పొయ్యి దిగులు పట్టుకుంటుంది. చెప్పకపోవడానికి ఇది మంచి కారణంలాగే ఉంది. నా కారణాలన్నీ ఇలా మంచివిగానే ఉంటాయి. అందుకే దీన్ని నమ్మడం లేదు.

మొదట ఇందులో నాగవేణి పేరు మార్చి రాశాను. తర్వాత కొట్టేసి అసలు పేరే పెట్టాను. చెడింది ఆ పేరు కాబట్టి, బాగుపడితే ఆ పేరే బాగుపడాలి. ఇది రాస్తుంటే ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. చేతి వేళ్లలో మాత్రం కొంచెం సూదులు గుచ్చినట్టుంది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ దగ్గర ఉండేది కాదు. ఆమెను అడిగే ముఖం ఇంకా రాలేదు. వస్తుందని మాట కూడా ఇవ్వను.

ఒకటే అడుగుతాను. మీరు మా వైపు వస్తే, రొద్దం బస్సులోనో హిందూపురం మార్కెట్టు దగ్గరో ఎవరైనా మాటల మధ్య, పలానా ఊళ్లో నాగవేణి అనే ఆమె, పాలు లేక బిడ్డను పోగొట్టుకుంది అంటే, కాదని చెప్పండి. ఆమె తప్పేమీ లేదని చెప్పండి. నీకెవరు చెప్పారని అడుగుతారు. నీళ్లు పరీక్ష చేసినామె చెప్పింది అనండి. మా ఊళ్లో ఆ పని చేసింది ఒక్కరే.